పోలరిటాన్లు, 4వ పాఠం: చుక్క ఏ ఎత్తులో వెలిగింది?

పోయిన పాఠంలో ఇచ్చిన బొమ్మకు (నమూనా నుంచి వచ్చే వెలుగు బొమ్మ, అందులో ఎత్తు అంటే శక్తి) చాలామంది ఒకే జవాబు రాశారు: "అడుగున చుక్క భగ్గుమంది, కాబట్టి కండెన్సేట్ (పోలరిటాన్లు పెద్దసంఖ్యలో ఒకే స్థితిలో చేరడం)." పంపు (నమూనాలోకి శక్తినిచ్చే లేజర్) పవర్ హద్దు దాటగానే వెలుగు ఒక్కసారిగా పెరుగుతుందని చెప్పి నేను అక్కడే ఆపేశాను. తప్పు నాది. ఈసారి ముందుకు పోకుండా ఆ చుక్క దగ్గరే కూర్చుందాం. ఫోటాన్ (కాంతి కణం), ఎక్సిటాన్ (ఎలక్ట్రాన్, దాని ఖాళీ అయిన హోల్ కలిసిన జంట) కలిసి పోలరిటాన్లై, శక్తిలో పైది, కింది అని రెండు శాఖలవడం మళ్లీ చెప్పను.

భగ్గుమనడం మామూలు లేజర్‌కీ ఉంది. వర్ణపటంలో గీత సన్నబడటమూ ఉంది. పంపు మరీ ఎక్కువైతే ఎక్సిటాన్లు కిక్కిరిసి ఎలక్ట్రాన్లు, హోల్స్‌గా విడిపోతాయి. కాంతితో ఎక్సిటాన్ జంట తెగిపోయి, నమూనాలో కాంతిని పట్టి ఉంచే రెండు అద్దాల మధ్య ఉత్త కాంతి మిగులుతుంది. అప్పుడూ అడుగున చుక్క వెలుగుతుంది! వెలుగును చూసి తేల్చకండి, ఎత్తు చూడండి.

బొమ్మ చేతికి రాగానే నేను రంగుల జోలికి పోను. ఎక్సిటాన్‌తో కలవని కాంతికి అడుగున ఎంత శక్తి ఉంటుందో అక్కడ ఎర్ర పెన్సిల్‌తో అడ్డగీత గీస్తాను. 2006లో కాస్ప్షాక్ బృందం వాడిన కాడ్మియం టెల్యురైడ్ నమూనాలో శాఖల చీలిక 26 మిల్లీ ఎలక్ట్రాన్‌వోల్టులు. కాంతి, ఎక్సిటాన్ శక్తులు సమానమైన చోట కింది శాఖ ఎర్రగీతకు 13 కింద ఉంటుంది. పవర్ పెంచితే చుక్క కాస్త పైకి జరుగుతుంది, పోలరిటాన్లలోని ఎక్సిటాన్ పాలు ఒకదాన్నొకటి తోసుకుంటాయి కాబట్టి. ఒకటి రెండు దగ్గర ఆగితే జంట బతికే ఉంది. ఎర్రగీత దరిదాపులకు ఎగబాకితే అది ఫోటాన్ లేజరే.

కాంతి శక్తి ఎక్సిటాన్ కంటే 10 తక్కువైతే? గీతకు దూరం 8.9కి తగ్గుతుంది, కింది శాఖలో కాంతి పాలు 68 శాతమవుతుంది. పొరపాటుపడేది ఎక్కువగా ఇక్కడే.

కండెన్సేట్ అనడానికి జంట బతికుంటే చాలా? చాలదు. ఆ బృందం ఒకచోటి వెలుగును మైక్రాన్ల దూరంలోని వెలుగుతో కాంతిని రెండుగా చీల్చి మళ్లీ కలిపే మైకెల్సన్ ఇంటర్‌ఫెరోమీటర్‌లో కలిపింది. చారలు కనబడ్డాయి. అంత దూరంలోని పోలరిటాన్లు ఒకే లయలో ఊగుతున్నాయనడానికి నేను నమ్మే సాక్ష్యం అదే.

అభ్యాసం: కాంతి శక్తి 10 ఎక్కువైన చోట గీతకు దూరమెంత? లెక్కలో సగం చేయడం మరవకండి, 26 అన్నది శక్తులు సమానమైన చోట రెండు శాఖల మధ్య మొత్తం దూరం. తర్వాత −10, 0, +10 మూడింటికీ రెండు శాఖలనూ, ఎర్రగీతనూ ఒకే గ్రాఫ్ కాగితం మీద గీసి, చుక్క 5 పైకి జరిగితే దేన్ని ముందు అనుమానించాలో కారణంతో రాయండి.