ఆదివారం తలనొప్పి, రాత్రి నిద్ర పట్టకపోవడం: ముందు మాత్రల స్ట్రిప్ తిప్పి చూడండి

"కాఫీ, టీ రోజుకి రెండు కప్పులే తాగుతానండీ" అని అందరూ అంటారు. ఎంత కప్పు? హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ఇచ్చిన మార్గదర్శకాల్లోని లెక్క 150 మి.లీ. కప్పుది: డికాక్షన్ కాఫీలో 80–120 మి.గ్రా. కెఫీన్, ఇన్‌స్టంట్‌లో 50–65, టీలో 30–65. రోజు మొత్తానికి 300 దాటొద్దంది. మీ ఇంటి స్టీలు గ్లాసులో ఎంత పడుతుందో ఒకసారి కొలిచి, అప్పుడు మాట్లాడండి.

పన్నెండైనా నిద్ర రావట్లేదా? చివరి కప్పు ఎన్నింటికి తాగారో చూసుకోండి, అంతే. తాగిన కెఫీన్‌లో సగం కరగడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది, అంటే ఆరింటికి తాగిన కాఫీలో సగం పదకొండింటికి ఇంకా ఒంట్లోనే ఉంటుంది. మధ్యాహ్నం రెండు దాటాక మానేయండి. ఇది వదిలేసి దిండ్లు మార్చేవాళ్లని చాలామందిని చూశాను.

అసలు తిప్పలు పెట్టేది సెలవు రోజు తలనొప్పి. నన్ను ఏడాది పాటు ఏడిపించింది. శనివారం సాయంత్రం నాలుగింటికి చివరి టీ, ఆదివారం తొమ్మిదిన్నరకి లేవడం, మధ్యలో పదిహేడున్నర గంటలు. అలవాటుపడ్డ ఒంటికి కెఫీన్ అందకపోతే 12 నుంచి 24 గంటల్లో తల పట్టేస్తుంది. ఆ సంగతి తెలియక మెడికల్ షాపుకెళ్లి "తలనొప్పికి ఏదైనా ఇవ్వండి" అంటే ఒక మాత్ర ఇచ్చేవాడు, వేసుకున్న అరగంటకి తల తేలికయ్యేది, ఇంకేముంది, నాకు మైగ్రేన్ అని నేనే తేల్చేసుకున్నాను. ఒకరోజు ఊరికే స్ట్రిప్ వెనక చదివితే, పారాసిటమాల్ కింద చిన్న అక్షరాల్లో: కెఫీన్ ఎన్‌హైడ్రస్ (నీరు లేని కెఫీన్) 50 మి.గ్రా. ఒక ఇన్‌స్టంట్ కాఫీని మాత్రగా మింగుతున్నానన్నమాట! కొన్ని జలుబు మాత్రల్లోనూ 30 దాకా ఉంటుంది. సాయంత్రం వేసుకుంటే మళ్లీ నిద్ర పాడు, మర్నాడు మరో కప్పు ఎక్కువ. ఇలాంటి కలిపిన మాత్రలు నెలలో పదిరోజులో అంతకన్నా ఎక్కువో, నెలల తరబడి వాడితే వాటివల్లే తలనొప్పి పట్టుకుంటుంది.

సెలవు రోజూ మామూలు వేళకే లేచి, మామూలు కప్పే తాగండి. తగ్గించాలంటే ఒక్కసారిగా మానొద్దు, మూడు నాలుగు రోజులకోసారి అర కప్పు చొప్పున తగ్గించండి. షాపులో "కెఫీన్ లేని ఉత్త పారాసిటమాల్" అని అడిగి తీసుకోండి.

ఎనర్జీ డ్రింకులు తాగేవాళ్లు డబ్బా మీద చూసుకోవచ్చు, అంకె రాసే ఉంటుంది. చాక్లెట్ ముక్క మీద అనుమానం అక్కర్లేదు, ఫిల్టర్ కాఫీలో కలిపే చికోరీలో కెఫీనే ఉండదు. గర్భిణులకి పరిమితి రోజుకి 200 మి.గ్రా., అదీ డాక్టర్‌ని అడిగాకే. ఇవన్నీ సరిచేశాక కూడా తలనొప్పి గానీ, నిద్ర పట్టకపోవడం గానీ, గుండె దడ గానీ తగ్గకపోతే అది కాఫీ గొడవ కాకపోవచ్చు, డాక్టర్ దగ్గరికి వెళ్లండి, వెళ్లేటప్పుడు ఆ స్ట్రిప్ కూడా పట్టుకెళ్లండి.