డ్రైవింగ్ స్కూల్, ఫారం 5, లైసెన్స్ దరఖాస్తు: డబ్బు కట్టే ముందు చూసుకోవాల్సినవి

టెస్ట్ రోజున ఆర్టీవో ఆఫీసు నుంచి వెనక్కి వచ్చేవాళ్లంతా బండి నడపడం రానివాళ్లే అనుకోకండి. ఎల్ఎల్ఆర్ (నేర్చుకునేవాళ్లకిచ్చే లెర్నర్ లైసెన్స్) గడువు దాటిపోయినవాళ్లు, తమ అప్లికేషన్ నంబరేమిటో తెలియనివాళ్లు, ‘అన్నీ మాస్టారే చూసుకుంటానన్నారండీ’ అంటూ ఫోన్లు చేస్తూ గేటు దగ్గర నిలబడినవాళ్లు కూడా వాళ్లలో ఉంటారు. అందుకే స్కూల్ ఎంచుకోవడం, లైసెన్స్‌కు దరఖాస్తు పెట్టడం రెండూ కలిపే చెబుతున్నాను. ఇది సొంత కారు నడుపుకునేవాళ్ల సంగతి. ట్రాన్స్‌పోర్ట్ బండ్ల నిబంధనలు వేరు.

మొదటి మెట్టు ఎల్ఎల్ఆర్. 18 ఏళ్లు నిండి ఉండాలి. రవాణా శాఖ పోర్టల్‌లో దరఖాస్తు నింపి, వయసుకీ చిరునామాకీ ఆధారాలు, ఆరోగ్యం బాగానే ఉందని మీరే సంతకం చేసే ఫారం 1 జతచేయాలి. 40 దాటినవాళ్లయితే డాక్టరు ఇచ్చే ఫారం 1ఎ కూడా కావాలి. తర్వాత రోడ్డు నిబంధనల మీద చిన్న పరీక్ష. ఇదేమంత కష్టం కాదు. కేంద్ర నిబంధనల ప్రకారం ఎల్ఎల్ఆర్‌కు 150 రూపాయలు, ఆ పరీక్షకు 50. తర్వాత డ్రైవింగ్ టెస్ట్‌కు 300, లైసెన్స్‌కు 200. వీటిమీద రాష్ట్రం వేసే సర్వీస్ చార్జీలు, కార్డు ఖర్చు ఉంటాయి. స్కూల్ వాళ్లు ‘అన్నీ కలిపి ఇంత’ అంటే, అందులో ప్రభుత్వానికి వెళ్లేదెంతో, వాళ్లు తీసుకునేదెంతో విడదీసి చెప్పమనండి.

దరఖాస్తు స్కూల్ వాళ్ల చేత నింపించినా ఫర్వాలేదు, మొబైల్ నంబరు మాత్రం మీదే ఉండాలి. తమ నంబరు వేసేస్తే ఓటీపీలు, స్లాట్ మెసేజ్‌లు అన్నీ వాళ్లకే వెళ్తాయి. ఆ తర్వాత వాళ్లతో మాటా మాటా వచ్చిందా, మీ దరఖాస్తు మీ చేతిలో ఉండదు. అప్లికేషన్ నంబరు, ఫీజు రసీదు, ఎల్ఎల్ఆర్ కాపీ మీ ఫోన్లో పెట్టుకోండి.

ఇక అసలు తిరకాసంతా ఫారం 5 దగ్గర. మా దగ్గర శిక్షణ పూర్తయిందని డ్రైవింగ్ స్కూల్ ఇచ్చే సర్టిఫికెట్ ఇది. ‘ఇది లేకపోతే ఆర్టీవోలో లోపలికే రానివ్వరు’ అని చెప్పి, ఒక్కరోజు కూడా నేర్పకుండా కాగితం అమ్మేవాళ్లున్నారు. సొంత కారు లైసెన్స్‌కు కేంద్ర నిబంధన చెప్పేది, స్కూల్‌లో నేర్చుకుని ఉంటే ఆ సర్టిఫికెట్ జతచేయమని. ఇంట్లో నాన్న దగ్గరో అన్నయ్య దగ్గరో నేర్చుకున్నా దరఖాస్తు పెట్టుకోవచ్చు. అయితే నేర్చుకునేటప్పుడు కారుకు ముందూ వెనకా తెల్లటి పలక మీద ఎర్రటి ‘ఎల్’ అక్షరం ఉండాలి. లైసెన్స్ ఉన్న మనిషి, అవసరమైతే బండి ఆపగలిగేలా పక్కనే కూర్చోవాలి.

మరి స్కూల్‌లో చేరితే? ఆ ఫారం 5 ఇవ్వాలంటే స్కూల్‌కు ఫారం 11 లైసెన్స్ ఉండాలి. అయిదేళ్ల గడువుతో ఇస్తారు, ఆఫీసులో అందరికీ కనబడేలా తగిలించాలి. గోడ మీద చూడండి: గడువు తేదీ దాటిందా, అందులోని చిరునామా మీరు నిలబడ్డ చోటిదేనా? నేర్పే మాస్టారుకు పదో తరగతి, అయిదేళ్ల డ్రైవింగ్ అనుభవం, వాటితో పాటు కనీసం మోటార్ మెకానిక్ సర్టిఫికెట్ ఉండాలన్నది నిబంధన. అడిగితే నొచ్చుకునేవాళ్ల దగ్గర చేరకపోవడమే మేలు.

గంటల లెక్క ఇంకా ముఖ్యం. కారు శిక్షణ 21 రోజులకు తగ్గకూడదు, అందులో బండి నడిపిన సమయం 10 గంటలకు తగ్గకూడదు. రోజుకు అరగంట చొప్పున 21 రోజులంటే పదిన్నర గంటలు, కాగితం మీద సరిగ్గా సరిపోతుంది. కానీ ఒకే కారులో ఇద్దరు ముగ్గుర్ని ఎక్కించుకుని, ఒకరిని దింపి ఇంకొకరిని ఎక్కించుకునే సమయం కూడా మీ అరగంటలోనే వేస్తే, స్టీరింగ్ మీ చేతిలో ఉండేది ఇరవై నిమిషాలే. అంటే మొత్తం ఏడు గంటలు. ఎవరు ఏ రోజు ఎన్నింటి నుంచి ఎన్నింటివరకు నడిపారో రాసే రిజిస్టరు ఫారం 15. అందులో మాస్టారుతో పాటు మీ సంతకం కూడా ఉంటుంది. చివరి రోజున వరసగా ఇరవై సంతకాలు పెట్టమంటే పెట్టకండి. ఏ రోజుది ఆ రోజే, టైము చూసుకుని పెట్టండి.

స్కూల్ కారులో మాస్టారు వైపు కూడా క్లచ్, బ్రేకు ఉంటాయి. మీరు ఎంత తడబడినా కారు ఒక్కసారీ ఆగిపోవడం లేదంటే పొంగిపోకండి, ఓసారి ఆయన కాళ్ల వైపు చూడండి. వారం దాటాక ‘మీరు కాలు తీసేయండి మాస్టారూ’ అని అడగడంలో తప్పేమీ లేదు. ఎత్తు మీద కారు వెనక్కి జారేది టెస్ట్ రోజున కాకుండా నేర్చుకునేటప్పుడే జారనివ్వండి.

‘మా సర్టిఫికెట్ ఉంటే టెస్టే అక్కర్లేదు’ అనే మాట కూడా వినిపిస్తుంది. టెస్ట్ మినహాయింపు 2021 జులై 1 నుంచి ఉన్న మాట నిజమే. అయితే అది గుర్తింపు పొందిన డ్రైవర్ శిక్షణ కేంద్రాలు ఇచ్చే ఫారం 5బికి మాత్రమే. అక్కడ సిమ్యులేటర్, సొంత టెస్ట్ ట్రాక్ ఉంటాయి. కారు కోర్సు 29 గంటలు, చివర్లో వాళ్లు పెట్టే పరీక్ష పాస్ కావాలి. వీధి చివర రెండు గదుల్లో నడిచే స్కూల్ ఇచ్చేది ఫారం 5. దాంతో టెస్ట్ తప్పదు.

ఎల్ఎల్ఆర్ వచ్చిన 30 రోజుల తర్వాతే టెస్ట్‌కు వెళ్లాలి. దాని గడువు ఆరు నెలలు. స్లాట్లు మీరనుకున్న రోజున దొరక్కపోవచ్చు కాబట్టి చివరి నెల దాకా ఆగకండి. టెస్ట్‌కు బండి మీరే తీసుకెళ్లాలి. స్కూల్ కారు ఇస్తారా, దానికి విడిగా తీసుకుంటారా అన్నది చేరేటప్పుడే తేల్చుకోండి. ఆ బండి ఆర్సీ, ఇన్సూరెన్స్, పొల్యూషన్ కాగితాలు ముందురోజే చూసుకోండి.

ఫెయిలైతే టెన్షన్ పడక్కర్లేదు. ఏడు రోజుల తర్వాత మళ్లీ వెళ్లొచ్చు. వరసగా మూడుసార్లు తప్పితేనే 60 రోజులు ఆగాలి. ఈలోగా ఎవరైనా మీ పక్కకి వచ్చి ‘లోపల మనవాళ్లున్నారు, ఇంతిస్తే పాస్ చేయిస్తా’ అంటే, మళ్లీ టెస్ట్‌కు కట్టాల్సిన ప్రభుత్వ ఫీజెంతో పోర్టల్‌లో చూసి, అతను అడిగినదాంతో పోల్చుకోండి.