లైన్‌కి కలిపిన ఎస్ప్రెస్సో మెషీన్: ముందు నీళ్ల ప్రెషర్, తర్వాతే పంపు స్క్రూ

ఎస్ప్రెస్సో మెషీన్‌ని నేరుగా నీళ్ల లైన్‌కి కలిపాక గేజ్ పది బార్ (ప్రెషర్ కొలత) దాటి చూపించగానే చాలామంది చెయ్యి పంపు స్క్రూ మీదకే పోతుంది. దయచేసి అక్కడ మొదలుపెట్టకండి. షాట్ (ఒక విడత కాఫీ) తీసేటప్పుడు గేజ్ మీద కనిపించే ప్రెషర్‌లో కొంత లైన్‌లోంచి వచ్చే నీళ్లది, మిగతాది పంపు దాని మీద కలిపేది. ఇళ్లలో వాడే మెషీన్లలోని రోటరీ పంపుల్లో చాలావాటికి స్క్రూతో మనం మార్చేది ఆ కలిపే భాగాన్ని మాత్రమే, అంటే లైన్‌లో ఒక బార్ పెరిగితే కాఫీ పొడి మీద కూడా ఇంచుమించు ఒక బార్ పెరుగుతుంది. లైన్ ప్రెషర్ పగలూ రాత్రీ ఒకేలా ఉండదు కాబట్టి దాన్ని ఒకచోట నిలబెట్టకుండా పంపుని ఎంత జాగ్రత్తగా సెట్ చేసినా రేపటికి లెక్క తప్పుతుంది. ముందు లైన్, తర్వాత పంపు. ఈ వరుస పట్టుకుంటే మిగతాదంతా తేలికే.

అసలు మీ మెషీన్ లైన్‌కి కలపడానికి వీలున్నదేనా అని మాన్యువల్‌లో చూడండి. వైబ్రేషన్ పంపు ఉన్న మెషీన్లు చాలావరకు సొంత ట్యాంకులోంచి నీళ్లు పీల్చుకోవడానికి చేసినవి, వాటిని లైన్‌కి తగిలించకూడదు. రోటరీ పంపు ఉండి, ట్యాంకు నుంచీ లైన్ నుంచీ రెండు రకాలుగా పనిచేసే మోడల్ అయితే అడుగున ఒక వాల్వ్, విడిగా ఒక స్విచ్ ఉంటాయి. ఆ రెండూ మార్చాలి. వాల్వ్ తిప్పి స్విచ్ మర్చిపోతే మెషీన్ ఇంకా ట్యాంకులో నీళ్ల కోసం చూస్తూ, లేవని ఆగిపోతుంది.

లైన్‌లో వరుస ఇలా పెట్టుకోండి: మొదట చేతికి సులువుగా అందే షట్ ఆఫ్ వాల్వ్, తర్వాత నీళ్లు వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వ్, ప్రెషర్ రెగ్యులేటర్, ఫిల్టర్, ఆ తర్వాత ఒక చిన్న గేజ్, చివర మెషీన్ హోస్. రెగ్యులేటర్‌ని ఫిల్టర్‌కి ముందు పెడితే ఫిల్టర్ హౌసింగ్ మీద కూడా ఎక్కువ ప్రెషర్ పడదు. గేజ్ మాత్రం ఫిల్టర్ తర్వాతే ఉండాలి, ఎందుకో కింద చెప్తాను.

హోస్ బిగించేటప్పుడు ఒక్క విషయం చూసుకోండి. నట్ లోపల ఫ్లాట్ వాషర్ ఉందంటే నీళ్లని ఆపేది ఆ వాషరే, మరలు కావు. అక్కడ టెఫ్లాన్ టేప్ చుడితే లాభం లేదు, పైగా నట్ పూర్తిగా కూర్చోక వాషర్ సరిగ్గా నొక్కుకోదు. టేప్ కావాల్సింది వాషర్ లేకుండా మరల మీదే సీల్ అయ్యే జాయింట్లకి. వాషర్ ఉన్నచోట చేత్తో బిగించి, స్పానర్‌తో ఇంకొంచెం తిప్పితే చాలు.

మెషీన్‌కి తగిలించే ముందు హోస్ చివర బకెట్‌లో పెట్టి నీళ్లు వదలండి. కొత్త కార్బన్ ఫిల్టర్ అయితే మొదట నల్లటి పొడి వస్తుంది, నీళ్లు తేటపడేదాకా ఆగండి. ఆ నలుసులు పంపులోకి, సన్నటి జెట్‌లోకి వెళ్తే తర్వాత విప్పి శుభ్రం చేయడం పెద్ద పని.

ఇప్పుడు రెగ్యులేటర్. మాన్యువల్‌లో ఇచ్చిన అంకే మీ లక్ష్యం. కొన్ని మెషీన్లకి 2 బార్ దాటొద్దని ఉంటుంది, కొన్ని అంతకంటే ఎక్కువ తట్టుకుంటాయి. అనుమతి ఉంటే 2 నుంచి 3 బార్ మధ్య పెట్టుకోవడం నాకు నచ్చుతుంది. మీ గేజ్ మీద పీఎస్ఐ మాత్రమే ఉంటే 1 బార్ అంటే దాదాపు 14.5 పీఎస్ఐ. స్క్రూని గడియారం దిశలో తిప్పితే పెరుగుతుంది, వెనక్కి తిప్పితే తగ్గుతుంది. అయితే తగ్గించినప్పుడు ముల్లు వెంటనే కదలదు. రెగ్యులేటర్ దాటిన నీళ్లు అవతల బిగుసుకునే ఉంటాయి కదా, గ్రూప్ (కాఫీ పొడి మీదకి నీళ్లు వదిలే భాగం) లివర్ ఎత్తో వేడినీళ్ల ట్యాప్ తిప్పో కొన్ని నీళ్లు వదిలాకే అసలు అంకె తెలుస్తుంది. ముల్లు కదల్లేదని ఇంకా ఇంకా తిప్పుకుంటూ పోకండి.

నీళ్లు ఆగి ఉన్నప్పుడు కనిపించే అంకె ఒకటి, పారుతున్నప్పుడు కనిపించేది ఇంకొకటి. పారుతున్నప్పుడు కొంచెం పడిపోవడం మామూలే. కానీ ఆగినప్పుడు 3 ఉండి, బాయిలర్ నింపుకునేటప్పుడు ఒకటి కంటే కిందకి జారిపోతోందంటే ఎక్కడో దారి ఇరుకైంది: ఫిల్టర్ మూసుకుపోయింది, లేదా ట్యూబ్ సన్నంగా ఉంది, లేదా వాల్వ్ పూర్తిగా తెరుచుకోలేదు. గేజ్ ఫిల్టర్ తర్వాత ఉండాలన్నది ఇందుకే, ఫిల్టర్ జీవితం అయిపోతోందని అది ముందే చెప్పేస్తుంది.

లైన్ కుదిరాక పంపుకి రండి. ముందు షట్ ఆఫ్ వాల్వ్ తెరిచి, ఆ తర్వాతే మెషీన్ ఆన్ చేయండి. రోటరీ పంపు నీళ్లు లేకుండా తిరిగితే లోపలి రెక్కలు అరిగిపోతాయి, ఈ విషయంలో రాజీ లేదు. మెషీన్ పూర్తిగా వేడెక్కాక, పొడి బాస్కెట్ కూర్చునే పిడి అయిన పోర్టాఫిల్టర్‌లో చిల్లుల్లేని బ్లైండ్ బాస్కెట్ పెట్టి పంపు నడపండి, ముల్లు ఒకచోట నిలబడేదాకా చూడండి. మనం మొదట్నుంచీ చెప్పుకుంటున్న పంపు స్క్రూకి, అంటే బైపాస్ స్క్రూకి, కొన్నిటిలో లాక్ నట్ కూడా ఉంటుంది, దాన్ని వదులు చేశాకే స్క్రూ తిప్పాలి. కొన్ని మెషీన్లలో స్క్రూ బయటి నుంచే అందుతుంది. ప్యానెల్ విప్పాల్సి వస్తే ముందు ప్లగ్ పీకండి, లోపల కరెంటు తీగలూ కాలే బాయిలరూ పక్కపక్కనే ఉంటాయి.

పావు చుట్టు కంటే ఎక్కువ ఒకేసారి తిప్పొద్దు. మామూలుగా గడియారం దిశలో తిప్పితే పెరుగుతుంది. కొంచెం తిప్పండి, పంపు ఆపి గ్రూప్‌లో ప్రెషర్ వదలండి, మళ్లీ నడిపి చూడండి. బ్లైండ్ బాస్కెట్‌తో 9 బార్, లేదా దానికి కాస్త పైన నిలిస్తే సరిపోతుంది. చివరి తీర్పు మాత్రం నిజమైన షాట్‌దే: పొడి పెట్టి, కాఫీ కారుతుండగా ముల్లు ఎక్కడుందో చూసి అవసరమైతే ఇంకొంచెం సర్దండి. షాట్ మరీ తొందరగా కారిపోతోందంటే దానికి మందు గ్రైండ్ సన్నం చేయడమే, ప్రెషర్ కాదు. తక్కువ వేయించిన గింజలకి కొందరు 6 బార్ దాకా దించుతారు, రుచి చూసి నిర్ణయించుకోవాల్సిన సంగతి అది.

స్క్రూ ఎంత తిప్పినా ప్రెషర్ ఒక అంకె దాటి పెరగకపోతే పంపుని అనుమానించే ముందు ఎక్స్‌పాన్షన్ వాల్వ్ చూడండి. వేడెక్కి వ్యాకోచించే నీళ్లకి దారి ఇవ్వడం దాని పని, సాధారణంగా 11, 12 బార్ దగ్గర తెరుచుకోవాలి. అంతకంటే కింద సెట్ అయ్యుంటే పంపు పెంచిన ప్రెషర్‌ని ఇది డ్రిప్ ట్రే వైపు వదిలేస్తుంది, షాట్ నడుస్తుండగా దాని ట్యూబ్‌లోంచి నీళ్లు కారుతుంటాయి. అలాగే పంపు ఆగి మెషీన్ వేడెక్కుతున్నప్పుడు గేజ్ పదకొండు దాకా పాకి, ఆ ట్యూబ్ నుంచి చుక్కలు పడితే టెన్షన్ పడకండి, అది దాని సహజమైన పని.

లైన్‌కి కలిపినందుకు దొరికే అసలు వరం ప్రీ ఇన్‌ఫ్యూజన్, అంటే పూర్తి ప్రెషర్ పడకముందే పొడిని మెల్లగా తడపడం. ఈ61 గ్రూప్ ఉన్న మెషీన్‌లో లివర్‌ని సగం మాత్రమే ఎత్తితే పంపు తిరగదు, లైన్ ప్రెషర్‌తోనే నీళ్లు పొడిలోకి మెల్లగా దిగుతాయి. 1961లో ఇటలీ కంపెనీ ఫాయెమా ఈ గ్రూప్‌ని తెచ్చినప్పుడు ఆ మెషీనే లైన్‌కి కలిపి వాడేది, కాబట్టి ఇది కొత్తగా కనిపెట్టిన చిట్కా ఏమీ కాదు. బాస్కెట్ అడుగున మొదటి చుక్కలు కనిపించేదాకా ఆగి, లివర్ పూర్తిగా ఎత్తండి. పొడి సమంగా తడిసి ఉంటుంది కాబట్టి నీళ్లు ఒకే పక్క దారి చేసుకోవడం తగ్గుతుంది. లైన్ 4 బార్ మీద ఉంటే ఈ మెత్తదనం పోతుంది, రెగ్యులేటర్ విలువ తెలిసేది ఇక్కడే.

పంపు ఉన్నట్టుండి గరగరమంటూ అరుస్తోందంటే నీళ్లు చాలడం లేదని అర్థం. ఆర్‌ఓ ట్యాంకు నుంచి నేరుగా తీసుకున్నవాళ్లకి ఇది తరచూ ఎదురవుతుంది, ఎందుకంటే ఆ ట్యాంకు ఖాళీ అయ్యేకొద్దీ ప్రెషర్ కూడా పడిపోతుంది. పైగా ఖనిజాలు దాదాపు లేని ఆర్‌ఓ నీళ్లని బాయిలర్‌లోని లెవెల్ ప్రోబ్ (నీళ్ల మట్టం చూసే కడ్డీ) సరిగ్గా గుర్తించలేదు, లోహాన్ని కూడా తింటాయి, అందుకే కొంత ఖనిజం తిరిగి కలిపే కాట్రిడ్జ్ తప్పనిసరి. గట్టి నీళ్లయితే సాఫ్టెనర్ కావాలి, లేకపోతే సున్నం పేరుకుంటుంది.

రాత్రి పడుకునే ముందు, ఇల్లు వదిలి వెళ్లేటప్పుడు షట్ ఆఫ్ వాల్వ్ మూసేయండి. ఒక హోస్ ఊడితే నీళ్లు వాటంతట అవి ఆగవు. నీళ్లు తగిలితే లైన్ మూసేసే లీక్ సెన్సర్ పెట్టుకుంటే ఇంకా మంచిది. పని పూర్తయ్యాక మూడు అంకెలు రాసి మెషీన్ పక్కన అతికించండి: లైన్ ఆగినప్పుడు ఎంత, పారుతున్నప్పుడు ఎంత, బ్లైండ్ బాస్కెట్‌తో ఎంత. ఫిల్టర్ మార్చిన ప్రతిసారీ మళ్లీ కొలిచి చూసుకోండి, మొదటి రెండూ అలాగే ఉండి మూడోది మారితేనే పంపు స్క్రూ జోలికి వెళ్లండి.