సొంత ఇల్లు కట్టించేవారు పనివారి భద్రతకు చేయవలసిన ఏర్పాట్లు

మన దేశంలో వ్యవసాయం తర్వాత ఎక్కువ మందికి పని దొరికేది కట్టడాల్లోనే. ఒక ఇల్లు లేస్తున్నదంటే సిమెంటు, ఇనుము, ఇటుక బట్టీలు, కంకర క్వారీలు, లారీలు అన్నీ కదులుతాయి. పాలమూరు పల్లెల నుంచీ, శ్రీకాకుళం, ఒడిశాల నుంచీ వలస వచ్చిన కుటుంబాలకు పూట గడుస్తుంది. ఇంతమందికి అన్నం పెట్టే రంగంలో పనివారి ప్రాణాలకు పూచీ ఎవరిదో మాత్రం తేలదు. పెద్ద కంపెనీల సైట్లలో భద్రతాధికారి ఉంటారు గాని, 200 గజాల స్థలంలో రెండంతస్తులు వేయించే చోట ఆ బాధ్యత చూడగలిగేది యజమాని ఒక్కరే.

మొదటి ఏర్పాటు ఒప్పందం నాడే జరగాలి. అడుగుకు ఇంత అని గుత్త మాట్లాడుకునేటప్పుడే పరంజా (ఎత్తున నిలబడి పనిచేయడానికి కట్టే కర్రల, పలకల మంచె) సామగ్రి, హెల్మెట్లు, ఒంటికంతటికీ పట్టే బెల్టులు ఎవరు తేవాలో కాగితం మీద రాసుకోవాలి. ఈ ఖర్చును మేస్త్రి రేటులో కలపకుండా యజమాని విడిగా భరించడమే మేలని నా అభిప్రాయం. రేటులో కలిపితే మిగుల్చుకోవాలన్న ఆశ కలగడం సహజం.

పునాది గుంతలు, సంపు తవ్వేటప్పుడు మట్టి బరువును తక్కువ అంచనా వేయకూడదు. ఒక ఘనమీటరు మట్టి టన్నున్నర, ఒక్కోసారి అంతకు మించి తూగుతుంది కాబట్టి, ఛాతీ వరకు పూడుకుపోయిన మనిషి ఊపిరి పీల్చుకోలేడు. లోతు 1.5 మీటర్లు దాటితే పక్కలకు పలకలు పెట్టి అడ్డు దూలాలు బిగించాలి, లేదా అంచులను వాలుగా తవ్వించాలి. తీసిన మట్టిని అంచుకు కనీసం 1.5 మీటర్ల దూరంలో పోయించాలి. వాన కురిసిన మరునాడు అంచుల్లో బీటలు లేవని చూసుకున్నాకే ఎవరినైనా దింపాలి.

పరంజా దగ్గరే ఎక్కువ జాగ్రత్త కావాలి. మా ఇంటి పైఅంతస్తు పూతపని నాడు మేస్త్రి కాలు పెట్టిన పలక ఒక కొస లేచింది; రెండో కొసను తాడుతో కట్టలేదు. ఆయన కిటికీ ఊచ పట్టుకుని నిలదొక్కుకున్నారు. ఆ రోజు నుంచి నేను ప్రతి ఉదయం పలకల రెండు కొసలూ, నిలువు కర్రల అడుగూ చూసిన తర్వాతే పని మొదలుపెట్టనిచ్చాను. నడుము ఎత్తున అడ్డుకర్ర, పలక అంచున ఇటుక జారిపడకుండా చిన్న పలక తప్పనిసరి. తల మీద చుట్టకుదురు పెట్టి తట్టలు మోసే స్త్రీలు హెల్మెట్ పెట్టుకోలేరు గనుక, పైన పని జరుగుతున్నంతసేపూ వారి దారి పరంజా కింద నుంచి పోకుండా మార్చాలి. మెట్ల ఖాళీకీ, స్లాబు అంచుకూ అడ్డు కట్టించాలి. నిలబడి ఉన్న ఇనుప చువ్వల మొనలకు తొడుగులు వేయించాలి.

స్లాబు పోశాక సెంట్రింగ్ (కాంక్రీటు గట్టిపడేదాకా కింద నిలిపే పలకలు, జాకీలు) విప్పడానికి తొందరపడకూడదు. భారత ప్రమాణాల ప్రకారం మామూలు సిమెంటుతో పోసినప్పుడు 4.5 మీటర్ల లోపు వెడల్పు స్లాబుకు 7 రోజులు, అంతకు మించితే 14 రోజులు ఆధారాలు ఉంచాలి. 6 మీటర్లు దాటిన దూలానికి 21 రోజులు ఆగాలి. అద్దె జాకీలకు కిరాయి పెరుగుతున్నదని మేస్త్రి తొందరపెడితే ఆ కిరాయి మీరే ఇవ్వండి.

మూతపడి ఉన్న సంపులోనో సెప్టిక్ ట్యాంకులోనో సెంట్రింగ్ విప్పడానికి దిగడం చాలా ప్రమాదకరం. తడిసిన చెక్క కుళ్లుతూ లోపలి ప్రాణవాయువును హరిస్తుంది. వాసన లేదు కాబట్టి తెలియదు. మూతలన్నీ తీసి, కనీసం ఒక రోజు వదిలి, బ్లోయరుతో గాలి పంపి, ఒంటికంతటికీ పట్టే బెల్టుకు తాడు కట్టి పైన ఇద్దరిని నిలబెట్టకుండా ఎవరినీ దింపకూడదు. లోపలివారు స్పృహ తప్పితే వారి వెంట ఇంకొకరు దూకకూడదు. తాడుతో పైకి లాగాలి.

తాత్కాలిక కరెంటు లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే స్విచ్చి) పెట్టించండి. తడి నేల మీద వైర్లు పడి ఉండకూడదు.

1996లో వచ్చిన చట్టంతో ఏర్పడిన భవన నిర్మాణ కార్మికుల సంక్షేమ మండళ్లకు, పరిమితి దాటిన కట్టడాల ఖర్చులో 1 శాతం సెస్సుగా జమ అవుతుంది. ఈ మండళ్ల నుంచి సాయం అందాలంటే పనివారి పేరు అక్కడ నమోదై ఉండాలి. 18 నుంచి 60 ఏళ్ల లోపు వయసు, గడచిన ఏడాదిలో 90 రోజుల పని అవసరం. మీ దగ్గర ఎన్ని రోజులు పనిచేశారో హాజరు పుస్తకంలో రాసి ఉంచి, అడిగిన నాడు ధ్రువపత్రం మీద సంతకం చేసి ఇవ్వండి.