మీకిష్టమైన రైడ్‌ను తీసేస్తున్నారా? ఏడుపు అయ్యాక చేయాల్సిన పనులు

మొదటి రోజు ఏమీ పోస్ట్ చేయకండి. రైడ్ మూసేస్తున్నాం అని థీమ్ పార్క్ ప్రకటించిన గంటలోపు ఫ్యాన్స్ రాసేవన్నీ దాదాపు ఒకేలా ఉంటాయి, "నా చిన్నతనాన్ని చంపేశారు", "ఇక జన్మలో ఆ పార్క్ గడప తొక్కను", "డబ్బు పిచ్చి" వగైరా. కోపం న్యాయమైనదే, కాదనను. కానీ ఆ మాటలన్నీ పార్క్ వాళ్లు ముందే ఊహించుకుని, వాటికి తియ్యటి జవాబు కూడా రాసిపెట్టుకునే ప్రకటన వదులుతారు. ఇప్పుడు తిడుతున్నవాళ్లలో చాలామంది కొత్త రైడ్ తెరిచిన రోజు క్యూలో ముందుంటారని కూడా వాళ్లకు బాగా తెలుసు.

మరి ఏం చేయాలి? ముందు ప్రకటనను ఆసాంతం చదవండి. మూసివేత అనే ఒక్క మాట కింద చాలా రకాల పనులు జరుగుతుంటాయి. బ్రిటన్‌లోని ఆల్టన్ టవర్స్ పార్క్ 2022 నవంబర్‌లో నెమెసిస్ అనే రోలర్ కోస్టర్‌ను ఆపేసింది, 1994 నాటి ట్రాక్‌ను మార్చి 2024 మార్చిలో నెమెసిస్ రీబార్న్ పేరుతో మళ్లీ నడిపింది. దారి అదే, మలుపులు అవే. అమెరికాలోని డిస్నీ పార్కుల్లో ఉన్న నీళ్ల రైడ్ స్ప్లాష్ మౌంటెన్ సంగతి వేరు. అక్కడ నీటి కాలువను, చివర్లో పైనుంచి ఒక్కసారిగా కిందికి జారే ఆ పెద్ద పల్లాన్ని అలాగే ఉంచి కథ, బొమ్మలు, పాటలు మార్చేసి టియానాస్ బయూ అడ్వెంచర్ చేశారు. ఇక ఫ్లోరిడాలోని డిస్నీ పార్క్ మ్యాజిక్ కింగ్‌డమ్‌లో రివర్స్ ఆఫ్ అమెరికా అనే కృత్రిమ నది విషయానికొస్తే 2025 జూలైలో ఆ నది, దాని మధ్యనున్న టామ్ సాయర్ ఐలాండ్, చుట్టూ తిరిగే పడవ అన్నీ మూతపడ్డాయి, ఆ జాగాలో కార్స్ సినిమా ప్రపంచం రాబోతోంది. ఈ మూడింటికీ ఒకే రకం పోస్ట్ పెడితే ఎవరూ పట్టించుకోరు. మొదటిదానికి ఓపిక పట్టాలి, రెండోదానికి ఏమేం ఉంచుతారో అడగాలి, మూడోదానికైతే వెళ్లి చూసి రావాలి, అంతకు మించి చేయగలిగింది పెద్దగా ఉండదు.

తర్వాత, ఎందుకు తీసేస్తున్నారో కనుక్కోండి. విడిభాగాలు దొరకకపోవడం, రోజూ ఏదో ఒకటి చెడిపోవడం, క్యూ ఖాళీగా ఉండటం, కంపెనీ చేతిలో కొత్త సినిమా హిట్ ఉండటం, ఇలా ఏదైనా కావచ్చు. చాలాసార్లు ఇవన్నీ కలిసే ఉంటాయి, ప్రకటనలో మాత్రం అన్నిటికంటే అందంగా వినిపించేదే రాస్తారు. డిస్నీల్యాండ్ ఎప్పటికీ పూర్తికాదని వాల్ట్ డిస్నీ అన్న మాటను అతికించని మూసివేత ప్రకటన దొరకడమే కష్టం, ఆ మాట ఇప్పుడు వాళ్లకు ఒక గొడుగైపోయింది.

కారణం విలువలకు సంబంధించినదైతే కాస్త ఆగి ఆలోచించండి. స్ప్లాష్ మౌంటెన్ ఆధారపడిన 1946 నాటి సినిమా నల్లజాతీయులను చూపించిన తీరు మీద అది విడుదలైన రోజుల్లోనే నిరసనలు వచ్చాయి, డిస్నీ దాన్ని అమెరికాలో వీడియోగా కూడా ఎప్పుడూ అమ్మలేదు. 2020 జూన్‌లో మార్పు ప్రకటించినప్పుడు ఫ్యాన్స్ రెండుగా చీలిపోయారు, మార్చమని ఒక పిటిషన్, మార్చొద్దని ఒక పిటిషన్. అందులో నాకు నచ్చిన పోస్టులు ఏవంటే, ఆ కొండ, ఆ నీళ్లు, మా నాన్నతో తడిసి ముద్దయిన ఆ రోజు అంటూ తమకేం పోతోందో చెప్పుకున్నవి. సినిమాను వెనకేసుకురావడానికి దిగినవాళ్లు తమ వాదనను తామే ముంచుకున్నారు. మీకు నచ్చింది రైడ్ అయితే రైడ్ గురించే మాట్లాడండి.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం, ఏం అడగాలి? "మూసేయకండి" అని అడిగితే వచ్చే ఫలితం దాదాపు సున్నా. దీనికి మిస్టర్ టోడ్ అనే కార్టూన్ కప్ప రైడ్‌ను మించిన ఉదాహరణ లేదు. మ్యాజిక్ కింగ్‌డమ్‌లో 1971 నుంచి ఉన్న మిస్టర్ టోడ్స్ వైల్డ్ రైడ్‌ను తీసేస్తున్నారని 1997లో వార్త పొక్కగానే ఫ్యాన్స్ టీషర్టులు వేయించుకుని, ఉత్తరాలు రాసి, పార్క్ లోపలే టోడ్-ఇన్ పేరుతో గుంపుగా చేరి నిరసన తెలిపారు. పద్ధతిగా, సరదాగా, ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా చేశారు, పేపర్లలోనూ వచ్చింది. అయినా 1998 సెప్టెంబర్ 7న రైడ్ మూతపడింది, తర్వాతి ఏడాది ఆ చోట విన్నీ ద పూ అనే ఎలుగుబంటి బొమ్మ రైడ్ వచ్చి కూర్చుంది. కానీ ఆ పూ రైడ్ లోపల గోడ మీద చూడండి, టోడ్ తన ఇంటి దస్తావేజును గుడ్లగూబ చేతికి అందిస్తున్న పటం ఉంటుంది. హాంటెడ్ మాన్షన్ అనే దెయ్యాల రైడ్ పక్కనున్న పెంపుడు జంతువుల సమాధుల్లో టోడ్ విగ్రహం కూడా ఉంది. రైడ్ దక్కలేదు, జ్ఞాపకం దక్కింది. ఫ్లోరిడాలోని యూనివర్సల్ పార్క్‌లోనూ ఇంతే, కింగ్ కాంగ్ రైడ్‌ను 2002లో తీసేసి రెండేళ్లకు మమ్మీ కోస్టర్ పెట్టారు, దాని నిధి గదిలో బంగారు కాంగ్ బొమ్మ ఒకటి ఉంచారు. కొత్త రైడ్ కట్టే డిజైనర్లలో చాలామంది పాత రైడ్‌కు ఫ్యాన్సే, వాళ్లకు ఒక సాకు కావాలి, ఆ సాకు మీ ఉత్తరం కావచ్చు.

కాబట్టి చిన్నదీ, చేయగలిగేదీ అడగండి. ఉత్తరమైనా ఈమెయిలైనా ఇలా ఉంటే చాలు: "మేం తరచూ వచ్చే కుటుంబం. ఫలానా రైడ్ మూసేస్తున్నారని తెలిసి బాధపడ్డాం. క్యూలో వినిపించే ఆ పాత ట్యూన్‌ను కొత్త రైడ్‌లో ఎక్కడో ఒకచోట ఉంచగలరా? ప్రవేశం దగ్గరున్న బోర్డును పార్క్‌లోనే కనబడేలా పెట్టగలరా? చివరి రోజు ఎప్పుడో కాస్త ముందుగా చెప్పగలరా?" తిట్లు లేవు, బెదిరింపులు లేవు, మూడు పేజీల ఆత్మకథ లేదు. వీలైతే పార్క్‌లోనే గెస్ట్ సర్వీసెస్ కౌంటర్‌కు వెళ్లి రాసివ్వండి. వెళ్లొచ్చాక మెయిల్‌కు వచ్చే సర్వేను మాత్రం వదలకండి, అందరూ విసుగ్గా డిలీట్ చేసేస్తారు కానీ లెక్కల్లోకి ఎక్కేది అదే. పదివేల లైకులొచ్చిన మీమ్‌ను ఏ మీటింగులోనూ పట్టిక వేసి చూపించరు.

మార్పు జరిగిపోయాక కూడా అడగొచ్చని మర్చిపోకండి, నిజానికి అప్పుడే ఎక్కువ పని జరుగుతుంది. ఫ్లోరిడాలోనే ఉన్న ఇంకో డిస్నీ పార్క్ ఎప్‌కాట్‌లో ఫిగ్‌మెంట్ అనే ఊదారంగు డ్రాగన్ ఉన్న ఇమాజినేషన్ రైడ్‌ను 1999లో మార్చినప్పుడు ఆ డ్రాగన్‌ను దాదాపు కనబడకుండా చేశారు. ఫిర్యాదులు కుప్పలుగా వచ్చాయి. 2001 అక్టోబర్‌లో మూసేసి, 2002 జూన్‌లో ఫిగ్‌మెంట్ పేరును రైడ్ పేరులోనే చేర్చి తెరిచారు. అతని జోడీ డ్రీమ్‌ఫైండర్ మాత్రం ఆ రైడ్‌లోకి తిరిగి రాలేదు, పాత రైడ్ పాత రైడ్‌లా ఎప్పుడూ రాలేదు, అయినా ఇది మామూలు గెలుపు కాదు. ఇంకో విచిత్రం మ్యాజిక్ కింగ్‌డమ్‌లో మరపక్షులు పాటలు పాడే షో టికీ రూమ్‌ది. 1998లో కొత్త యాజమాన్యం అంటూ సినిమా పక్షులను తెచ్చి పెట్టిన షో ఫ్యాన్స్‌కు అస్సలు మింగుడుపడలేదు, 2011 జనవరిలో అక్కడ చిన్న అగ్నిప్రమాదం జరిగితే, అదే ఏడాది ఆగస్టులో పాత షోకు దగ్గరగా ఉన్నదాన్ని తిరిగి తెచ్చారు. (నిప్పు పెట్టమని నేను చెప్పడం లేదు, ముందే అంటున్నా.)

చట్టం సాయం ఉంటుందా అంటే, చాలా కొద్ది వాటికే. న్యూయార్క్ కోనీ ఐలాండ్‌లో 1927 నాటి సైక్లోన్‌ను 1988లో నగర వారసత్వ కట్టడంగా ప్రకటించారు, అది ఇప్పటికీ తిరుగుతోంది. ఇంగ్లండ్ మార్గేట్‌లో డ్రీమ్‌ల్యాండ్ సీనిక్ రైల్వే 1920 నాటి చెక్క కోస్టర్. 2002లోనే రక్షిత జాబితాలో చేరింది, పార్క్ మూసేస్తామన్న మాట 2003లో వచ్చింది, 2008లో ఎవరో తగలబెట్టారు, ఉద్యమం నడిపినవాళ్లు పట్టు వదల్లేదు, 2015లో మళ్లీ పరుగెత్తింది. ఆ ఏళ్లు వరుసగా చూడండి, రక్షణ ముందు, ముప్పు తర్వాత. మూసివేత ప్రకటన వచ్చాక వారసత్వ దరఖాస్తు వేయడమంటే చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే.

వీడ్కోలు ట్రిప్ విషయానికొస్తే, చివరి రోజునే నమ్ముకోవద్దు. ఆ రోజు క్యూ గంటల తరబడి ఉంటుంది, పాత మెషీన్ ఆ ఒత్తిడికి మొరాయించే అవకాశమూ ఎక్కువే. అసలు చివరి రోజు ఎప్పుడో మీకు చెప్తారన్న గ్యారంటీ కూడా లేదు. ఫ్లోరిడా యూనివర్సల్‌లో జాస్ అనే సొరచేప సినిమా రైడ్‌కు 2011 డిసెంబర్ మొదట్లో చెప్పి 2012 జనవరి 2న తలుపులు వేశారు, నెల గడువు. ప్రపంచంలోకెల్లా ఎత్తైన కోస్టర్‌గా ఉన్న అమెరికాలోని కింగ్డా కా అయితే 2024 నవంబర్ 10న చివరిసారి తిరిగింది, ఆ సంగతి జనానికి నాలుగు రోజుల తర్వాత చెప్పారు! 2025 ఫిబ్రవరిలో పేల్చి పడగొట్టేశారు. ఫ్యాన్స్‌కు ఎక్కువ మండింది పడగొట్టినందుకు కూడా కాదు, బై చెప్పనివ్వనందుకు. అందుకే గట్టి పుకారు వినబడగానే రద్దీ లేని రోజు చూసుకుని వెళ్లిరండి. చివరి రోజు కూడా వెళ్లగలిగితే జనం కోసం వెళ్లండి, చప్పట్ల కోసం, ఎవరెవరో తెలియనివాళ్లు కౌగిలించుకోవడం కోసం.

రికార్డింగ్ గురించి కొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే ఇంటర్నెట్‌లో ఉన్న ఆఖరి రైడ్ వీడియోల్లో సగం నల్లటి తెర మీద వణికే చుక్కలే. చీకటి రైడ్‌లో ఫ్లాష్ వద్దు, అది రైడ్‌ను, పక్కవాళ్ల రోజును రెండింటినీ పాడుచేస్తుంది. సెకనుకు 60 ఫ్రేములు పెట్టుకుంటే తెర ఇంకా చీకటిగా వస్తుంది, 30 గానీ 24 గానీ పెట్టండి. లైటు పడుతున్న మొదటి బొమ్మ మీద నొక్కిపట్టి ఫోకస్, వెలుతురు లాక్ చేయండి, లేకపోతే ప్రతి మలుపులోనూ ఫోన్ వెతుక్కుంటూ ఉంటుంది. స్క్రీన్ వెలుతురు కనిష్ఠానికి దించండి, వెనక కూర్చున్నవాళ్లకు అది టార్చ్‌లైటు. వేగంగా తిరిగే కోస్టర్ల మీద ఫోన్ తీయనే వద్దు, జారిందంటే కిందనున్నవాళ్ల తల పగులుతుంది.

ఇంతకంటే ముఖ్యం, రైడ్ కాకుండా మిగతావి తీయండి. రైడ్ వీడియో వందమంది తీస్తారు. క్యూలో గోడ మీద అలంకారానికి పెట్టిన ఉత్తుత్తి పోస్టర్లు, అరిగిపోయిన రెయిలింగ్, ఎక్కేచోట నేల మీది అంకెలు, జాగ్రత్తలు చెప్పే గొంతు, పక్కనున్న షాపు బోర్డు, ఇవి ఎవరూ తీయరు, కొన్నేళ్ల తర్వాత అందరూ వెతికేది ఇవే. క్యూ సంగీతం చిన్న ముక్క తీసి ఆపేయకండి, ఆ వరుస చాలాసేపు తిరుగుతుంది, వాయిస్ రికార్డర్ ఆన్ చేసి జేబులో పెట్టుకుని మాట్లాడకుండా నిలబడండి. ఒకసారి మాత్రం ఫోన్ లోపల పెట్టి ఊరికే ఎక్కండి.

అక్కడ పనిచేసేవాళ్ల మీద అరవకండి, మీకంటే ఎక్కువసార్లు ఆ పాట విన్నది వాళ్లే, రేపు వేరే చోటికి బదిలీ అయ్యేదీ వాళ్లే. థాంక్స్ చెప్పండి. బొమ్మ విరగ్గొట్టి, బోర్డు ఊడదీసి "జ్ఞాపకం" అనకండి, దాన్ని దొంగతనం అంటారు. ఆన్‌లైన్‌లో అమ్మే వస్తువుల్ని కూడా పట్టి చూసుకోండి, 2023 జనవరిలో ఫ్లోరిడా స్ప్లాష్ మౌంటెన్ మూతపడగానే అందులోని నీళ్లంటూ సీసాల్లో పోసి అమ్మకానికి పెట్టినవాళ్లున్నారు. నీళ్లు ఎక్కడివో ఎవరు తేలుస్తారు!

కొత్తది తెరిచాక ఒకసారి ఎక్కి అప్పుడు తిట్టండి. కాలిఫోర్నియా డిస్నీ పార్క్‌లో టవర్ ఆఫ్ టెర్రర్ అనే, లిఫ్ట్ దబ్బున కిందపడే రైడ్‌ను 2017 జనవరిలో మూసి, మే నెలకల్లా గార్డియన్స్ ఆఫ్ ద గెలాక్సీ సినిమా రైడ్‌గా మార్చినప్పుడు, ఆ భవనాన్ని బయట నుంచి చూసి ముఖం చిట్లించినవాళ్లు లోపల పాటకు తగ్గట్టు ఎగిరిపడుతూ కేకలేశారు. భవనం బయటి రూపం మాత్రం నాకు ఇప్పటికీ నచ్చదు, అది వేరే సంగతి. రైడ్ బాగుంటే బాగుందనండి, పాతదాని మీద ప్రేమ తగ్గినట్టేం కాదు. బాగాలేకపోతే ఏది బాగాలేదో పేరు పెట్టి చెప్పండి, ఫిగ్‌మెంట్ తిరిగొచ్చింది అలాంటి ఫిర్యాదులతోనే.

ఇంకో పని, మీ రైడ్‌కు తోబుట్టువు ఎక్కడైనా బతికుందేమో చూడండి. ఒకే రైడ్‌ను రెండు మూడు దేశాల్లో కట్టడం మామూలే, అన్నీ ఒకేసారి పోవు. మిస్టర్ టోడ్ కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో ఇంకా కారు నడుపుతూనే ఉన్నాడు, టవర్ ఆఫ్ టెర్రర్ ఫ్లోరిడాలో ఉంది. స్ప్లాష్ మౌంటెన్ అమెరికాలో రెండు చోట్లా పోయినా టోక్యో డిస్నీల్యాండ్‌లో నడుస్తోంది, ఆ పార్క్ యజమాని డిస్నీ కాదు, లైసెన్సు తీసుకున్న ఓరియంటల్ ల్యాండ్ కంపెనీ, అందుకే అక్కడి లెక్కలు వేరుగా ఉంటాయి. టికెట్ కొనేముందు ఆ పార్క్ సైట్‌లో మరమ్మతుల క్యాలెండర్ ఒకసారి చూసుకోండి, నీళ్ల రైడ్లను ఏటా కొన్ని వారాలు ఆపడం మామూలే.