తగ్గిన బరువు నిలుపుకుందాం – 4వ పాఠం: హద్దురాళ్లు

పోయిన వారం ఇచ్చిన పని చిన్నదే. ఏడు రోజులు పొద్దున్నే బాత్రూంకి వెళ్లొచ్చాక, కాఫీ కూడా తాగకముందు బరువు చూసుకుని నోటుబుక్కులో రాయమన్నాను. అంకె పెరిగినా తరిగినా తిండిలో ఏమీ మార్చవద్దన్నాను. ఆ ఏడు అంకెలూ ఇప్పుడు ఎదురుగా పెట్టుకోండి. రాయనివాళ్లు ముందు ఆ వారం పూర్తి చేసి రండి. ఈ పాఠం ఆ అంకెలు చేతిలో ఉంటేనే పనికొస్తుంది.

నా పుస్తకంలోంచి ఒక వారం చూపిస్తాను: 68.4, 68.9, 68.2, 69.1, 68.6, 68.3, 68.5. ఏడూ కలిపితే 480. ఏడుతో భాగిస్తే 68.6. అదే ఆ వారానికి నా బరువు. మీరూ మీ లెక్క చేసి, వచ్చిన అంకె చుట్టూ సున్నా చుట్టండి.

ఇక్కడ కాస్త ఆగాలి. నా వారంలో తక్కువకూ ఎక్కువకూ మధ్య 0.9 కిలో తేడా ఉంది. ఆ వారం నేను ప్రత్యేకంగా తిన్నదీ లేదు, మానేసిందీ లేదు. 69.1 వచ్చిన ముందు రాత్రి మాత్రం ఆవకాయ గట్టిగా కలుపుకున్నాను. ఉప్పు ఎక్కువైతే ఒళ్లు నీరు పట్టి ఉంచుతుంది. నెలసరి ముందు రోజుల్లోనూ చాలామందికి అంతే. ఒక కిలో కొవ్వు చేరాలంటే ఒంటికి కావలసిన దానిపైన సుమారు 7,700 కేలరీలు తినాలి. ఒక్క పెళ్లి భోజనంతో అది అయ్యే పని కాదు. కాబట్టి పెళ్లికి వెళ్లొచ్చిన మర్నాడు మిషన్ కిలో పావు ఎక్కువ చూపిస్తే అందులో చాలా భాగం నీరు, ఇంకా అరగని తిండి. "అయిపోయింది, అంతా పాడైంది" అనుకుని ఆ పూటే నియమాలన్నీ వదిలేసినవాళ్లను నేను చాలామందిని చూశాను. వాళ్లను దెబ్బతీసింది పెళ్లి భోజనం కంటే ఆ మర్నాటి ఆలోచనే. అందుకే ఒక్క రోజు అంకెను నమ్మవద్దు, వారం సగటును నమ్మండి.

ఇక అసలు సంగతి. తగ్గుతున్నప్పుడు ఉండే ఉత్సాహం తగ్గాక ఎందుకు ఉండదు? అప్పుడు వారం వారం అంకె దిగేది. జాకెట్లు వదులయ్యేవి. ఎదురైన ప్రతివాళ్లూ "ఏంటి వదినా, ఇంత చిక్కిపోయావు, ఒంట్లో బాగానే ఉందా? షుగరేమైనా వచ్చిందా?" అని అడిగేవారు. ఆ మాట కాస్త గుచ్చుకున్నా లోపల సంతోషంగానే ఉండేది. ఏడాది గడిచేసరికి ఎవరూ ఏమీ అనరు, అందరికీ అలవాటైపోతుంది. మిషన్ మీద కూడా అదే అంకె. చేసే పని మాత్రం అంతే ఉంటుంది. మిన్నెసోటా యూనివర్సిటీ సైకాలజిస్టు అలెగ్జాండర్ రాత్‌మన్ 2000లో ఈ తేడాను వివరించాడు. అలవాటు మొదలుపెట్టించేది రాబోయే ఫలితం మీద ఆశ, దాన్ని కొనసాగించేది చేతికొచ్చిన ఫలితం మీద తృప్తి. ఆశ దానంతట అదే పుడుతుంది. తృప్తిని మాత్రం రోజూ గుర్తు చేసుకోవాలి, లేకపోతే అది కంటికి కనబడదు.

దీనికి తోడు ఒంటి వైపు నుంచి ఒక లాగుడు ఉంది. తగ్గిన ప్రతి కిలోకూ రోజుకు సుమారు 100 కేలరీల మేర ఆకలి పెరుగుతుందని 2016లో వచ్చిన ఒక పరిశోధన లెక్కగట్టింది. పైగా తగ్గిన ఒళ్లు ఖర్చుపెట్టే శక్తి కూడా తగ్గుతుంది. ఏడాది తర్వాత కూడా ఆకలిని నడిపే హార్మోన్లు పాత స్థితికి రాలేదని 2011లో ఆస్ట్రేలియాలో చేసిన అధ్యయనంలో తేలింది. "నాకు మనోబలం లేదు" అని మిమ్మల్ని మీరు తిట్టుకునే ముందు ఇది గుర్తుంచుకోండి. మీకు నిజంగానే ఎక్కువ ఆకలేస్తోంది.

ఇప్పుడు ఈ పాఠంలో నేర్చుకోవలసిన పని. పొలానికి హద్దురాళ్లు పాతినట్టు మీ బరువుకు రెండు రాళ్లు పాతాలి. నా 68.6తో చూపిస్తాను. దానికి 1.3 కిలోలు కలిపితే 69.9. అంతవరకూ ఆకుపచ్చ. 70 నుంచి 70.8 వరకు పసుపు. 70.9 దగ్గర, అంటే మొదటి అంకె కంటే 2.3 కిలోలు పెరిగిన చోట, ఎరుపు మొదలవుతుంది. మీ అంకెకు ఇదే లెక్క వేసి, మూడు రంగుల్లో రాసి బరువు మిషన్ పైన గోడకు అంటించండి.

ఈ రంగులు నా ఊహ కాదు. అమెరికాలో బరువు మీద పరిశోధన చేసే సైకాలజిస్టు రీనా వింగ్ బృందం బరువు తగ్గినవాళ్లు 314 మందిని తీసుకుని, కొందరికి ఈ పద్ధతి నేర్పి, 18 నెలలు గమనించి 2006లో ఫలితాలు ప్రచురించింది. కేవలం ఉత్తరాల ద్వారా సమాచారం అందుకున్నవాళ్లలో వందకు 72 మంది 2.3 కిలోలో అంతకంటే ఎక్కువో తిరిగి పెరిగారు. ఎదురుగా కూర్చుని ఈ పద్ధతి నేర్చుకున్నవాళ్లలో వందకు 46 మందే పెరిగారు. 46 కూడా తక్కువేమీ కాదు, పని కష్టమనే ఆ లెక్కా చెబుతోంది. అయినా ఆ తేడా చిన్నది కాదు.

నేను ఇది ఆలస్యంగా నేర్చుకున్నాను. 83 నుంచి 69కి వచ్చాక మా అమ్మాయి పెళ్లి కుదిరింది. పెళ్లి పనుల్లో ఒకరోజు మిషన్ 71 చూపించింది. చూడలేక దాన్ని మంచం కిందికి తోసేశాను. ఎనిమిది నెలల తర్వాత బయటికి తీస్తే 75. చెరువు కట్టకు చిన్న చిల్లి పడితే రెండు తట్టల మట్టితో పూడుతుంది, గండి పడ్డాక ఊరంతా దిగాలి. 71 దగ్గర నాకు రెండు వారాల పని. 75 దగ్గర అది ఏడు నెలలు పట్టింది.

పసుపులోకి వచ్చిన వారం ఏం చేయాలి? ఉపవాసాలు వద్దు, పూట భోజనం మానేయడం వద్దు. అదనం ఏ దారిలో వస్తోందో వెతకాలి. మన ఇళ్లలో అది ఎక్కువగా నాలుగు దారుల్లో వస్తుంది. టీ లెక్క సులువు: రోజుకు మూడు టీలు, ఒక్కో దాంట్లో రెండు చెంచాల పంచదార వేస్తే 120 కేలరీలు. మారు అన్నం కూడా తేలిగ్గానే తెలుస్తుంది: 100 గ్రాముల అన్నంలో దాదాపు 130 కేలరీలు. పెరుగులోకని చివర వేసుకునే ఆ గరిటెడు ఎంత తూగుతుందో ఒక్కసారి వంటింటి కాటా మీద చూడండి.

నూనె లెక్క మాత్రం కంచంలో కనబడదు, ప్యాకెట్ల లెక్కలో కనబడుతుంది. లీటరు నూనెలో 8,000 కేలరీలకు పైనే ఉంటాయి. నలుగురున్న ఇంట్లో నెలకు అర లీటరు ఎక్కువ ఖర్చయితే తలా వెయ్యి కేలరీలు చేరినట్టే. ప్యాకెట్ విప్పిన రోజు దాని మీద తారీఖు రాయండి. ఈసారి ఎన్ని రోజులు ముందుగా అయిపోయిందో తెలిసిపోతుంది. నాలుగోది నాకు చాలా నష్టం చేసినది: పిల్లలు వదిలేసిన రెండు ముద్దలు, డబ్బా అడుగున మిగిలిన చేగోడీలు, పారేయడం ఎందుకని నోట్లో వేసుకునేవి. అన్నాన్ని పారేయకూడదని మనకు చిన్నప్పటి నుంచీ నేర్పారు. ఆ మాట మీద నాకు గౌరవం ఉంది. అందుకే పారేయమని చెప్పను, వండేటప్పుడే గుప్పెడు బియ్యం తగ్గించండి.

నాలుగు దారులూ ఒకేసారి మూయవద్దు. ఎక్కువగా వస్తున్నది ఒక్కటి చూసి, రెండు వారాలు దాన్నొక్కదాన్నే మూసి, సగటు మళ్లీ చూడండి.

ఎరుపులోకి వస్తే బరువు తగ్గిన కాలంలో మీకు పనికొచ్చిన పద్ధతికే మళ్లీ వెళ్లండి, ఆకుపచ్చలోకి వచ్చేవరకు. కొత్త పద్ధతి వెతుక్కోవద్దు. ఒకసారి మీ ఒంటికి, మీ ఇంటికి సరిపోయిందని తెలిసినదే మంచిది.

ఆకుపచ్చలో ఉన్న వారాన్ని మాత్రం ఊరికే వదిలేయకండి, ఎక్కువమంది పొరపాటు పడేది ఇక్కడే. ఆ ఆదివారం నోటుబుక్కులో ఒక్క వాక్యం రాయండి: తగ్గిన ఒళ్లు ఈ వారం మీకు ఏం ఇచ్చింది? "బాగుంది" అని రాస్తే సరిపోదు. నా పుస్తకంలో ఇలా ఉన్నాయి: "మూడో అంతస్తు ఎక్కాక మాట్లాడగలిగాను." "వ్రతానికి గంటన్నర పీట మీద కూర్చుని చెయ్యి ఆనించకుండా లేచాను." "మనవడిని ఎత్తుకుని బస్టాండు దాకా నడిచాను." ఇందాక చెప్పిన తృప్తి ఇదే. ఎవరూ పొగడని సంవత్సరాల్లో నన్ను పొద్దున్నే మిషన్ ఎక్కించింది ఈ వాక్యాలే.

ఒక హెచ్చరిక. గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఈ హద్దులు పెట్టుకోవద్దు. షుగరుకు ఇన్సులిన్ గానీ మాత్రలు గానీ వాడుతున్నవాళ్లు తిండి తగ్గించే ముందు డాక్టరును అడగాలి, మందు మోతాదు మార్చాల్సి రావచ్చు. కాళ్ల వాపుతో రెండు మూడు రోజుల్లోనే బరువు పెరిగితే దాన్ని తిండి లెక్కలో వేయకుండా వెంటనే చూపించుకోండి. రోజూ అంకె చూడటం వల్ల టెన్షన్ పెరిగి నిద్ర పట్టనివాళ్లు, ఒకప్పుడు తిండి పూర్తిగా మానేసే సమస్య ఉన్నవాళ్లు మిషన్ జోలికి పోకండి. నడుము దగ్గర సరిగ్గా పట్టే ఒక పాత జాకెట్టునో ప్యాంటునో నెలకోసారి వేసుకుని చూసుకుంటే చాలు.

ఈ వారం పని: మూడు రంగుల కాగితం గోడకు అంటించాలి. ఏడు రోజులూ బరువు రాయాలి. ఆదివారం సగటు, దాని కింద ఒక వాక్యం. ఇంకొకటి కూడా రాసి ఉంచండి: మీకు బలవంతంగా వడ్డించేది ఎవరు, ఏ మాటతో వడ్డిస్తారు? "నా మీద ఒట్టు, ఒక్క అరిసె" అనే అత్తయ్యా, "డైటింగా, మా ఇంట్లో అవేం కుదరవు" అనే బావగారూ ఉంటే వాళ్లన్న మాట ఉన్నదున్నట్టు రాయండి. అయిదో పాఠంలో ఆ మాటలకు ఒక్కొక్కదానికీ, ఎదుటివాళ్లు నొచ్చుకోకుండా ఏం జవాబు చెప్పాలో సాధన చేద్దాం.