వరంగల్‌ల డిగ్రీ చదువుకుంట మైటోకాండ్రియా రీసెర్చ్‌లకు పోవుడెట్ల?

కాకతీయ యూనివర్సిటీ (కేయూ)లనో హన్మకొండ డిగ్రీ కాలేజీలల్లనో బీఎస్సీ చదివే పిల్లలు ఎక్కువగ అడిగేది ఏ ఎగ్జామ్ రాయాలన్నా, ఎక్కడ సీటొస్తది అని. ఎగ్జామ్‌ల సంగతి కింద చెప్త గని ముందుగాల రీసెర్చ్ చేసే ప్రశ్న పట్టుకోవాలె, ఎందుకంటే పీహెచ్‌డీకి 5, 6 ఏండ్లు, తర్వాత పోస్ట్‌డాక్ (డాక్టరేట్ అయినంక చేసే రీసెర్చ్ కొలువు) ఇంకిన్ని ఏండ్లు, గదే ప్రశ్నతోని పొద్దున లేవాలె.

ఇంటర్ల మైటోకాండ్రియా అంటే సెల్‌కు పవర్‌హౌస్ అని బట్టీ కొట్టినం కదా, దాన్ని పక్కకు పెట్టుండ్రి. అసలు మజా ఏందంటే సెల్ మైటోకాండ్రియాని సున్నా నుంచి తయారుచెయ్యదు, ఉన్నదాన్నే పెంచి ముక్కలు చేస్తది. దానికి సొంత డీఎన్ఏ ఉంటది, మనుషులల్ల 16,569 బేస్ పెయిర్లు (డీఎన్ఏ అక్షరాల జతలు), 1981ల మొత్తం సీక్వెన్స్ చేసిన్రు, కని అండ్ల ప్రొటీన్లు చేసే జీన్స్ 13. లోపల పనిచేసే ప్రొటీన్లు మాత్రం వెయ్యికి పైనే. అంటే మిగతాయన్ని న్యూక్లియస్ జీన్స్‌తోని బయట తయారై లోపలికి రావాలె. ఎనుమాముల మార్కెట్ల మిర్చి లారీ లెక్క అనుకోండి, చాలా ప్రొటీన్ల ముందు భాగంల గేట్‌పాస్ ఉంటది, బయటి పొర గేటు టామ్, లోపలి పొర గేటు టిమ్23, లోపలికి పోయినంక ఆ పాస్‌ను ఒక ఎంజైమ్ కోసేస్తది. మరి లోపల చేసిన 13, బయటికెళ్లి వచ్చినయి లెక్క తప్పకుండ ఎట్ల జతకూడుతయి? ఇగో ఇక్కడ ఇంకా మస్తు పని మిగిలి ఉంది.

దీన్ని చేతులతోని నేర్చుకోవాలంటే ఈస్ట్ పట్టుండ్రి. కోట్ల మెషీన్లు అవసరం లేదు, ఒక ఇంక్యుబేటర్, ఆటోక్లేవ్, పెట్రీ ప్లేట్లు ఉన్న కాలేజీ ల్యాబ్ సరిపోతది. గ్లూకోజ్ ప్లేట్ మీద 30 డిగ్రీలల్ల రెండు మూడు దినాలు పెంచితే పెద్ద కాలనీల మధ్యల అక్కడొకటి ఇక్కడొకటి పొట్టియి కనవడతయి. అవే పెటీట్లు, మైటోకాండ్రియా సరిగ పనిచెయ్యని ఈస్ట్, 1940లల్ల పారిస్‌ల ఎఫ్రుసీ వాళ్లు పట్టుకున్నయి. ఆ పొట్టిదాన్ని టూత్‌పిక్‌తోని తీసి గ్లిజరాల్ ప్లేట్ మీద గీయండి, అస్సలు పెరగదు, ఎందుకంటే గ్లిజరాల్ తిని బతకాలంటే శ్వాస నడవాలె, దానికి పనిచేసే మైటోకాండ్రియా కావాలె. ఏడీఈ2 మ్యూటెంట్ స్ట్రెయిన్ (ఆ పేరు జీన్ చెడిన ఈస్ట్ రకం) దొరికితే ఇంకా మంచిది, మామూలు కాలనీలు ఎర్రగ, పెటీట్లు తెల్లగ ఉంటయి, మైక్రోస్కోప్ కూడ అక్కర్లేదు. ఎథిడియం బ్రోమైడ్ ఏస్తే పెటీట్లు మస్తు వస్తయని చదివి సొంతంగ దాని జోలికి పోకుండ్రి, అది మ్యుటాజెన్, అంటే డీఎన్ఏను మార్చే కెమికల్, సార్ పక్కన లేకుండ వద్దు.

ఇగ ఎగ్జామ్‌లు. కేయూల ఎమ్మెస్సీకి సీపీగెట్, హైదరాబాద్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ. ఎమ్మెస్సీ అయితుండగనే పీహెచ్‌డీ ఫెలోషిప్ ఇచ్చే ఎగ్జామ్ సీఎస్ఐఆర్ నెట్ లైఫ్ సైన్సెస్‌కు చదువుడు మొదలుపెట్టుండ్రి. 200 మార్కులల్ల సగం పార్ట్ "సీ"దే, ఒక్కో ప్రశ్న 4 మార్కులు, అండ్ల బట్టీ నడవదు, ప్రయోగం ఇచ్చి రిజల్ట్ ఏమైతది అని అడుగుతడు, తప్పు పెడితే పావు వంతు కోత.

ల్యాబ్‌కు మెయిల్ రాసేటప్పుడు "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ వెరీ ప్యాషనేట్" అని యాభై మందికి ఒకటే పంపితే ఎవ్వరూ తెరవరు. ఆ ల్యాబ్ పేపర్ ఒకటి కూసొని చదివి, ఫలానా బొమ్మల ఈ కంట్రోల్ ఎందుకు పెట్టిన్రు అని ఒక్క ప్రశ్న, మీరు సొంతంగ చేసిన పని రెండు లైన్లు, ఏ నెలల ఖాళీ ఉన్నరో ఒక లైన్, అంతే. రాకపోతే పది దినాలాగి ఒక్కసారి గుర్తుచెయ్యండి.

ఇంట్ల పైసల ముచ్చట కూడ వస్తది. నెట్‌తోని వచ్చే ఫెలోషిప్ జేఆర్ఎఫ్ 2023 నుంచి నెలకు 37,000, రెండేండ్లయినంక 42,000, హెచ్ఆర్ఏ (ఇంటి కిరాయి భత్యం) వేరే. కని కొన్నిచోట్ల నెలనెలా టైముకు పడవు, రెండు మూడు నెలల ఖర్చు చేతిల పెట్టుకొనే చేరుండ్రి.